ప్లాస్మా ఏ రంగుది కావాలె?

ఏడో తరగతిలో సైన్సు సారు నన్ను లేపి, "పదార్థానికి ఎన్ని స్థితులురా?" అని అడిగాడు. "రెండు సార్. దొరికితే తింటం, దొరకకుంటే చూస్తం" అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినని వాడికి పదార్థమంటే ఇంకేం గుర్తొస్తుంది? క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే, "ఘనం, ద్రవం, వాయువు. నువ్వు మూడోది. గాలిలెక్క ఎల్లిపో, మళ్ల కనవడకు" అని తలుపు చూపించాడు. పెద్దల మాట జవదాటే అలవాటు నాకు లేదు. ఆ తర్వాత బడిలో ఎవరికీ కనపడలేదు.

పదార్థానికి నాలుగో స్థితి కూడా ఒకటుందని నాకు నెత్తి నెరిసే వయసులో తెలిసింది. చెప్పింది ఏ సారూ కాదు. మానుకోట స్టేషను రోడ్డులో, నా పంచర్ షాపు పక్కన, చచ్చిపోయిన టీవీల మధ్య కూచునే ఒక సావుకారి.

మొన్న రఘునాథపల్లిలో చుట్టాల ఇంటికి పోయి వస్తూ, జనగామలో ఫోను చార్జర్ కోసం ఒక షాపులో ఆగాను. కౌంటరు మీద గాజుగోళం ఒకటి పెట్టారు. లోపల నడుమన చిన్న గుండు, దాని నుంచి ఊదారంగు మెరుపు తీగలు వానపాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. కొనడానికి వచ్చిన ఒకావిడ దానిమీద వేలు పెట్టింది. తీగలన్నీ పని మానుకొని ఆ వేలి దగ్గరికి ఉరికాయి. "ఏంది తమ్మీ ఇది?" అందామె. "మ్యాజిక్ బాల్ అక్కా" అన్నాడు షాపతను. అంతే, నా చెవిలో ఎవరో అరిచినట్టయింది: "మ్యాజిక్ నీ మొకం! ప్లాస్మా అనరా!"

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉండే వీలూ లేదు. ఆయన పోయి ఏడాది దాటింది. కానీ మాట సరిదిద్దే అవకాశం ఉన్నచోటికి ఆయన చచ్చి కూడా రాగలడు.

మానుకోటలో ఆయన్ను బుగ్గల సేటు అనేవాళ్ళం. మా దిక్కు బల్బును బుగ్గ అంటారు. మిరపకాయలు, పప్పులు టోకున అమ్మే ఇంట్లో పుట్టి, తరాజు వదిలి సోల్డరింగ్ కడ్డీ పట్టాడు. అన్నదమ్ములు దీన్ని ఇంటికి పట్టిన శనిగా కాక లాభంగానే చూశారు. "మావోడు బేరం మీద కూసుంటే గిరాకికి పప్పుల ప్రోటీను గురించి చెప్పి పంపుతడు. టీవీలల్లనే మంచిగున్నడు" అని పెద్దన్న నాతోనే అన్నాడు. టీవీ పని ఆయన చేతికి బాగా వచ్చింది. వచ్చేసరికి డబ్బా టీవీలు పోయి గోడకు అతికే టీవీలు దిగాయి. ఇక ఆయన దుకాణానికి పాత టీవీలు తెచ్చేవాళ్ళంతా బాగు చేయించుకోవడానికి కాదు, ఇంట్లో అడ్డం వదిలించుకోవడానికి తెచ్చేవాళ్ళు. ఆయన మాత్రం ఒక్కో డబ్బాను అలిగి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను దింపుకున్నట్టు దింపుకునేవాడు.

ఆయన్ను దూరం నుంచే గుర్తుపట్టే గుర్తు ఒకటుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉండేది. టీవీ వెనక మూత తీస్తే కుడిచెయ్యి ఒక్కటే లోపలికి పోయేది.

"రెండు చేతులు పెట్టినవనుకో, కరెంటు ఈ చెయ్యిల ఎక్కి ఆ చెయ్యిల దిగుతది. నడుమల గుండె స్టేషను. బండి ఆడ ఆగిందంటే దిగేది కరెంటు గాదు, నువ్వు" అనేవాడు.

బాగుంది. టీవీ దగ్గర బాగుంది. కానీ ఆయన ఆ చేతిని బయట కూడా తీయడు. పెద్దవాళ్ళు ఎదురైతే ఒంటిచేతి నమస్తే. పెండ్లిలో ఒంటిచేత్తో అక్షింతలు. చిట్యాలలో ఆయన అత్తగారిల్లు. అక్కడ పెండ్లయిన కొత్తలో మామ కాళ్ళకు కూడా ఒక్క చేత్తోనే మొక్కాడట. "అల్లునికి ఒక్క చెయ్యేనా? రెండో చెయ్యిల ఏమన్న లోపమున్నదా, దాసిపెట్టిండ్రా?" అని అత్తగారి వైపు ముసలావిడ నిలదీసిందని ఆయన భార్యే చెప్పి నవ్వేది. ఆమెను నేను వదిన అంటాను. "ఇంట్ల గూడ గంతేనా వదినా?" అని అడిగితే, "అన్నం తినేటప్పుడు ఫరకు లేదు గాని, బిందె ఎత్తుమంటే మాత్రం కరెంటు గుర్తుకొస్తది" అంది.

ఇక ఆయన ప్లాస్మా. మొదట్లో ఆ మాట నాకు ఏదో సబ్బు పేరులా వినిపించింది. ఒకరోజు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నన్ను పిలిచి, బల్ల మీద ఒక డాల్డా ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. దాని మూతలోంచి పాతకాలపు అద్దాల బుగ్గ ఒకటి తలకిందులుగా నిలబడి ఉంది. లోపలి తీగ కనిపించే సాదా బుగ్గ. స్విచ్చి వేశాడు. తీగ వెలగలేదు గానీ తీగ చుట్టూ సన్నటి ఊదా దారాలు లేచి గాజును నాకడం మొదలుపెట్టాయి. వేలు పెట్టమన్నాడు. "ముందుగాల నువ్వు పెట్టు" అన్నాను. పెట్టాడు, ఒక్క చేత్తోనే. అప్పుడు నేనూ పెట్టాను. దారాలన్నీ కలిసి ఒక్క తాడై నా వేలికి అంటుకున్నాయి. ఏ చురుకూ లేదు. గాజు కాస్త వెచ్చగా అయింది, అంతే. పక్కన రేడియో మాత్రం పిల్లి తోక తొక్కినట్టు గీపెట్టింది.

"ఏంది సేటూ గిది?"

"ఉమ్మడి కుటుంబం."

నేను నోరు తెరిచాను. ఆయనకు కావలసింది అదే.

"జూడు. ఈ బుగ్గల ఉన్నది ఆర్గాన్ అనే గాలి. గాలిల ఒక్కొక్క కణం ఒక్కొక్క ఉమ్మడి కుటుంబం. నడుమ తండ్రి, సుట్టు కొడుకులు. తండ్రి పాజిటివ్, కొడుకులు నెగెటివ్. మస్తు వోల్టేజి పెట్టినవనుకో, ఇంట్ల లొల్లి. కొడుకులు ఇల్లిడిసి ఉరుకుతరు. ఉరికెటోడు ఊకె ఉరకడు, పక్కింట్ల జొచ్చి ఆ ఇంటి కొడుకులను గూడ లేపుకపోతడు. గట్ల ఊరంత ఆగమైతె గాలి గాలిలెక్క ఉండది. గదే ప్లాస్మా."

"మరి వెలుగేంది?"

"గదే అసలు ముచ్చట! వేరు పడ్డప్పుడు గాదురా వెలుగు. తిరిగి తిరిగి అలసిపోయి మళ్ల ఇల్లు జేరుతరు సూడు, గప్పుడొస్తది."

వేరుపడిన అన్నదమ్ములున్న మనిషి నోట ఆ మాట విని నేను కొంచెం మెత్తబడబోయాను. అంతలో ఆయనే, "మావోళ్లు మాత్రం వెలుగు గూడ తూకానికే ఇస్తరు" అని దాన్ని చెడగొట్టాడు. ఆయన దగ్గర ఏ భావమూ ఎక్కువసేపు నిలిచేది కాదు, ట్రాన్సిస్టర్ల లాగే.

ట్రాన్సిస్టర్లను ఆయన అల్లుండ్లు అనేవాడు. ఊరికే గరమవుతారని. ఆ బుగ్గను వెలిగించడానికి ఎందరు అల్లుండ్లు కాలిపోయారో నేను వాసనతోనే లెక్క పెట్టేవాణ్ణి. పని చూడటానికి చిన్నదే. టీవీలో తెరకు వేల వోల్టులు పంపే నల్లటి ముద్ద ఒకటుంటుంది. మెకానిక్కులు దాన్ని ఎల్‌ఓటీ అంటారు. రంగుల టీవీలది ఆయనకు నచ్చదు. "దీని కడుపుల డయోడు ఉంటది, కరెంటును ఒక్కదిక్కే పోనిస్తది. మనకు పోయి రావాలె, పోయి రావాలె, క్షణంల వేలసార్లు" అనేవాడు. అందుకని నలుపు తెలుపు టీవీల కోసం ఊళ్ళు తిరిగేవాడు. దాని ఇనుప గుండెకు రాగితీగ నాలుగు చుట్లు చుట్టడం, ఆ చుట్లను ఒక లావు ట్రాన్సిస్టరుతో ఆడించడం, ట్రాన్సిస్టరుకు చల్లబడటానికి అల్యూమినియం రేకు బిగించడం, ఒక పక్క పన్నెండు వోల్టుల అడాప్టరు, ఇంకో పక్క నుంచి వచ్చే లావు తీగను బుగ్గ అడుగుకు అతికించడం. ఇంతే. ఇంతే అని నేను రాస్తున్నాను గానీ ఎవరూ ఇంట్లో కూచొని ఈ పని మొదలుపెట్టకండి. పాత టీవీ తెరలో స్విచ్చి ఆపాక కూడా కరెంటు దాక్కొని ఉంటుంది. దాన్ని దించకుండా చెయ్యి పెట్టి ఒకసారి ఆయన వెనకనున్న టీవీల మీద పడ్డాడు. ఆ పూట టీవీలకు ఆయన వల్ల, ఆయనకు టీవీల వల్ల దెబ్బలు తగిలాయి.

నాకూ ఒక దెబ్బ ఉంది. బుగ్గ మీద రూపాయి బిళ్ళ పెట్టి ముట్టుకోమన్నాడు. చిట్టి నిప్పురవ్వ లేచి వేలి కొనను కాల్చింది. "గాజు అడ్డముంటె దోస్తు. లోహం నడుమకొస్తె దుష్మన్. ఇప్పుడు మర్వవు" అన్నాడు. మరవలేదు.

వినాయక చవితికి స్టేషను రోడ్డు మండపంవాళ్ళు ఆ బుగ్గను స్వామి చేతిలో పెడదామని అడిగారు. సేటు ఒప్పుకున్నాడు. ఒకే షరతు: మైకులో 'ప్లాస్మా' అని చెప్పాలి. సరేనన్నారు. సాయంత్రం జనం నిండుగా ఉండగా మైకు పట్టుకున్న కుర్రాడు గొంతు సవరించుకొని, "భక్తులారా, స్వామివారి అరచేతిలో మెరుపు మహిమ! దర్శించి తరించండి" అన్నాడు. సేటు మండపం ఎక్కాడు. ఎడమచెయ్యి జేబులో, కుడిచేతిలో గుంజుకున్న మైకు. "మహిమ గాదు. ఉమ్మడి కుటుంబం" అని మొదలుపెట్టాడు. తండ్రి పాజిటివ్ దాకా జనం భక్తిగా విన్నారు. కొడుకులు ఇల్లిడిసి ఉరికేసరికి ప్రసాదం లైనులో ఉన్న ఒక పెద్దమనిషి, ఇంట్లో అదే పంచాయితీ నడుస్తున్నవాడు, తనమీదే అంటున్నాడని లేచి కొట్లాటకు వచ్చాడు. కమిటీవాళ్ళు మైకు ఆపేశారు. సేటు స్వామికి ఒంటిచేత్తో దండం పెట్టి, బుగ్గ పీక్కొని ఇంటికి పోయాడు. నిమజ్జనం దాకా వినాయకుడు ఖాళీ చెయ్యి చాచుకొని, ఎవరో ఏదో ఇస్తామని మోసం చేసినట్టు నిలబడ్డాడు.

ఆ కోపంలోనే బోర్డు రాయించాడు: 'ఇచ్చట ప్లాస్మా తయారు చేయబడును'. రాసే అతని దగ్గర ఎర్రరంగు మిగిలి ఉండటంతో ఆ నడిమి మాటను అడుగెత్తు అక్షరాలతో ఎర్రగా రాశాడు. "సేటూ, ఒక్కరన్నా వస్తరా?" అని నేను నవ్వాను. "వస్తరు. పేరుబెట్టి అడుగుకుంట వస్తరు" అన్నాడు.

ఒకడు వచ్చాడు.

వానలు ముదిరి ఊరంతా డెంగీతో మూలుగుతున్న రోజులు. తుంపర పడుతోంది. మెడలో తువ్వాల, మోకాళ్ళ దాకా బురద, నెల్లికుదురు దిక్కు తండా మనిషి. బోర్డును కూడబలుక్కొని చదివి లోపలికి ఉరికాడు.

"అన్నా, ఈడ ప్లాస్మా ఉన్నదా?"

సేటు మొహం చూడాలి! ఇన్నేళ్ళలో ఆ మాటను తనకు తానుగా పలికిన మొదటి మనిషి. అదీ వత్తులు పోకుండా.

"ఉంటది తమ్మీ! ఈడ గాకుంటె ఇంకేడుంటది? రా, కూసో. ఏ రంగుది కావాలె?"

అతను తికమకపడ్డాడు. "రంగు చెప్పలేదన్నా. బీ పాజిటివ్ అన్నరు."

"పాజిటివ్ ఒక్కటే ఎట్లుంటది? పాజిటివ్, నెగెటివ్ రెండుంటెనే ప్లాస్మా. ఎవలు చెప్పిండ్రు నీకు?"

"డాక్టర్ సారన్నా."

"డాక్టర్లకు గివన్ని యాడ ఎరుక తియ్! ఎన్ని గావాలె?"

"రెండు ప్యాకెట్లు. జర జల్ది అన్నా."

"ప్యాకెట్ల రాదు తమ్మీ, బుగ్గల వస్తది. ఇంటికా, మండపానికా?"

"దవాఖానకు."

"శబాష్! దవాఖానల పెడితె జూసుకుంట పేషంట్ల పానం నిమ్మళమైతది."

నేను నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి ఉన్నాను. నవ్వు ఆపుకోలేక చెయ్యి జారి ట్యూబు తేలింది. బీ పాజిటివ్ అన్నప్పుడే అది నెత్తుటి సంగతని నాకు అర్థమైంది. ఒక మాట అందిస్తే ఆ ముచ్చట అక్కడే తెగేది. కానీ అంత మంచి ముచ్చటను ఎవడు తెంపుకుంటాడు?

సేటు స్విచ్చి వేశాడు. ఊదా దారాలు లేచాయి. "వేలు వెట్టు, భయపడకు" అన్నాడు. అతను తడిచేతిని తువ్వాలకు తుడుచుకొని గాజు మీద ఆనించాడు. దారాలన్నీ చేతి దగ్గరికి వచ్చాయి. కాసేపు చూసి, నమ్మడానికి సిద్ధంగా ఉన్న గొంతుతో అడిగాడు:

"గీ మెరుపులు నా పెండ్లానికి ఎట్ల ఎక్కిస్తరన్నా?"

"ఎక్కిచ్చుడేంది?"

"డెంగీ అన్నా. పండ్లల్లకెల్లి నెత్తురొస్తున్నది. ప్లాస్మా తెస్తె ఎక్కిస్తమన్నరు. స్టేషను రోడ్డు దిక్కు దొరుకుతదంటె ఉరికొచ్చిన. బోర్డు జూసిన."

సేటు స్విచ్చి ఆపాడు. అప్పుడు చూశాను, ఎడమచెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. రెండు చేతులతో అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఉమ్మడి కుటుంబం లేదు, నాలుగో స్థితి లేదు.

"తమ్మీ, ఇది గాలి బుగ్గ. నీకు గావాల్సింది నెత్తుర్ల ఉంటది. నడువ్."

"పంచర్, దుకాణం జూడు" అని నాకొక్క మాట పడేసి, అతన్ని స్కూటరు ఎక్కించుకొని వానలో పోయాడు. నేను దుకాణం చూశాను. వచ్చిన ప్రతి గిరాకీకి 'ఏ రంగుది కావాలె' చెప్పి నవ్వించాను. పొద్దుగూకే వేళకు స్టేషను రోడ్డంతా పాకింది. ఆటోవాళ్ళు ఒకరినొకరు అదే మాటతో పలకరించుకుంటున్నారు.

మరునాడు సేటు ఠీవిగా వచ్చాడు. చేతి మడతలో దూది పట్టీ. బ్లడ్ బ్యాంకులో ప్యాకెట్లకు బదులు ఎవరైనా రక్తం ఇవ్వాలన్నారట. తండా అతనికి కామెర్లు తగ్గి ఎన్నాళ్ళో కాలేదని వద్దన్నారట. అందుకని తనే ఇచ్చాడట. మేము నమ్మలేదు. ఎందుకంటే సూది పేరు చెబితే ఆయన ఊరు దాటుతాడు. ఒకసారి కుక్క కరిస్తే, "కరవలే, ముద్దు వెట్టుకున్నది" అని వాదించినవాడు. వదిన రెక్క పట్టి లాక్కుపోతే గానీ సూది వేయించుకోలేదు.

"నిజంగనే ఇచ్చినవా సేటూ?"

"ఇచ్చిన. డాక్టర్లు, నర్సులు అందరు నా సుట్టు నిలవడ్డరు, గీయన ఎవరా అని."

నిలబడ్డమాట నిజమే. తర్వాత తండా అతను నా దగ్గర సైకిలుకు గాలి కొట్టించుకుంటూ చెప్పాడు. "సూది జూడంగనే సేటు కండ్లు తేలేసిండన్నా. మొకం మీద నీళ్లు సల్లనీకి నిలవడ్డరు. లేసినంక మళ్ల చెయ్యి సాపిండు. ఎడమ చెయ్యే ఇచ్చిండు, కండ్లు మూసుకోని." ఆ ఆఖరు ముక్కలు వదిలేసి మిగతాది నేను మళ్ళీ ఊరంతా చెప్పాను. ముచ్చట చెప్పేవాడికి ఎక్కడ ఆపాలో తెలియాలి.

బోర్డు తీసేయమని అందరూ అన్నారు. తీయడు. పేరు తప్పు కాదు కదా, ఎందుకు తీయాలి? పెయింటరును పిలిచి అడుగున ఒక లైను చేర్పించాడు: 'రక్తం కాదు'. మరుసటి వారమే ఒకావిడ వచ్చి, "రక్తం గాదంటె మరి గ్లూకోజా సేటూ?" అని అడిగింది. ఆయన బోర్డు వైపు, ఆమె వైపు చూసి, దవాఖాన దారి చూపించాడు. ఆ డెంగీ కాలమంతా ఆయన దుకాణానికి ప్లాస్మా బుగ్గ కోసం ఒక్కరు రాలేదు గానీ, దవాఖానకు దారి అడగడానికి మాత్రం చాలామంది వచ్చారు.

ఆయన కరెంటుతోనే పోతాడని మేమందరం ఎప్పుడో తీర్మానం చేసిపెట్టాం. ఆ మాటా నిలబెట్టలేదు. చిట్యాలలో అత్తగారింట్లో, కడుపునిండా తిని మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. గుండె అన్నారు.

పెద్దకర్మ నాడు మానుకోటలో ఇంటి ముందర టెంటు వేశారు. అన్నదమ్ములు, చిట్యాల చుట్టాలు, స్టేషను రోడ్డు మొత్తం వచ్చింది. తిండి అయ్యాక అందరూ వక్కలు నములుతూ కూచున్నారు. వదినే అంది: "అన్నా, ఆయన రంగు ముచ్చట జర చెప్పు. ఇననోళ్లు ఇంటరు."

చెప్పాను. గొంతు మార్చి, ఎడమచెయ్యి జేబులో పెట్టి చెప్పాను. 'డాక్టర్లకు గివన్ని యాడ ఎరుక' దగ్గర పెద్దన్న కూడా తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వాడు. వదిన నవ్వి, నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

టెంటు గుంజ పక్కన కూచున్న ఒకామె మాత్రం నవ్వలేదు. ఆమె పక్కన మెడలో తువ్వాలతో ఉన్న మనిషిని అప్పుడు గుర్తుపట్టాను. వాళ్ళిద్దరూ నెల్లికుదురు దిక్కు నుంచి పొద్దున్నే వచ్చారట. అతను ఆమె చెవిలో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, నా గురించే అయివుంటుంది. నవ్వనివాళ్ళు ఉంటే నాకు తిన్నది అరగదు. ఆమెను కూడా కలుపుకుందామని అన్నాను:

"ఏం చెల్లె, గా దినం మీ ఆయన బుగ్గనే కొనుక్కచ్చి ఎక్కిపిచ్చి ఉంటే, ఇయ్యాల మీ తండాకు కరెంటు స్తంభమే అక్కెర లేకపోవు గదా!"

అందరూ మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వు ఆగేదాకా ఆగి, లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"సేటు తెల్వక రంగడిగిండన్నా. తెలిసినంక నెత్తురిచ్చిండు, అది నాకెక్కింది. నువ్వు మొదటి సంది అన్నీ తెలిసే నవ్వినవట. గా నవ్వు ఎవలికెక్కిందో జర చెప్పు."